చలికాలం కరెంటు బిల్లు పెరిగేది బకెట్లోనే

కార్తీకమాసం వచ్చిందంటే తెలుగిళ్లలో రెండు పనులు ఒకేసారి మొదలవుతాయి. అటక మీది దుప్పట్లు, రగ్గులు డాబా మీద ఎండకు పడతాయి. వేసవి నుంచి ఎవరూ ముట్టుకోని గీజరు స్విచ్ మళ్లీ పడుతుంది. మొదటి పనికి పైసా ఖర్చు లేదు. రెండో పని ఖర్చెంతో డిసెంబరు బిల్లు చేతికొచ్చాక గానీ తెలియదు. ఫ్యాన్లు ఆగాయి, ఏసీ ఊసే లేదు, అయినా బిల్లు ఎందుకు తగ్గలేదన్న ప్రశ్న అప్పుడు పుడుతుంది.

చలికాలానికి ఇంటిని సిద్ధం చేసుకోవడం గురించి తెలుగులో కనిపించే సలహాలు చాలావరకు చలిదేశాల నుంచి దిగుమతైనవే. కిటికీలకు రెండు వరసల అద్దాలు, గోడల లోపల దూదిలాంటి పొరలు, గది హీటరును ఒక డిగ్రీ తగ్గించి పెట్టుకోవడం వంటివి. బయట మంచు పేరుకునే చోట గదిని నెలల తరబడి వెచ్చగా ఉంచాలి కాబట్టి అక్కడ అవి అవసరం. హైదరాబాదులోనో విజయవాడలోనో ఆ బెడద లేదు. హైదరాబాదులో డిసెంబరు రాత్రి 14, 15 డిగ్రీలకు దిగినా మధ్యాహ్నానికి 28 దాకా ఎక్కుతుంది. పగలంతా ఎండ తాగిన గోడలు, శ్లాబు రాత్రి ఆ వేడిని మెల్లగా వదులుతాయి. తలుపులు వేసుకున్న గదిలో ఒక దుప్పటి చాలు. ఇక్కడ చలికాలం కోసం అదనంగా ఖర్చయ్యే కరెంటు దాదాపు మొత్తం నీళ్లు కాచుకోవడానికే పోతుంది. పొదుపును వెతకాల్సింది కూడా అక్కడే.

ఒక బకెట్ లెక్క

ఒక యూనిట్ కరెంటు 860 లీటర్ల నీటిని ఒక్క డిగ్రీ వేడెక్కిస్తుంది. పది డిగ్రీలు పెరగాలంటే 86 లీటర్లకే సరిపోతుంది. గీజరైనా, బకెట్లో వేసే రాడ్డైనా, ఏ కంపెనీదైనా ఈ లెక్క మారదు. డిసెంబరు తెల్లవారుజామున డాబా మీది ట్యాంకులో నీళ్లు 18 డిగ్రీల దగ్గర ఉంటాయనుకుందాం. ఒంటికి హాయిగా ఉండే స్నానపు నీళ్లు 40 డిగ్రీలు. తేడా 22. నలుగురున్న ఇంట్లో తలా ఒక 20 లీటర్ల బకెట్ అంటే 80 లీటర్లు. 80ని 22తో గుణించి 860తో భాగిస్తే రోజుకు రెండు యూనిట్లు దాటుతుంది, నెలకు 61 యూనిట్లవుతుంది. షవరు కింద పది నిమిషాలు నిలబడితే ఒక్కొక్కరికి పట్టే నీళ్లు మూడు నాలుగు బకెట్లకు చేరతాయి, కరెంటూ అన్ని రెట్లు కాలుతుంది. చలికాలం నాలుగు నెలలు బకెట్, చెంబు స్నానానికి తిరిగిరావడం చాలా ఇళ్లలో మిగతా చిట్కాలన్నీ కలిపినా ఇవ్వలేనంత పొదుపు ఇస్తుంది.

ఈ 61 యూనిట్ల ఖరీదు మాత్రం అందరికీ ఒకటి కాదు. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్ నుంచి ఇళ్ల కరెంటు ధరల శ్లాబులు మెట్లలా ఉన్నాయి. మొదటి 30 యూనిట్లకు 1.90 రూపాయలు, 75 దాకా 3 రూపాయలు, 125 దాకా 4.50, 225 దాకా 6 రూపాయలు, 400 దాకా 8.75, ఆ పైన 9.75. పై మెట్టుకు వెళ్లినా కింది మెట్టు మీది యూనిట్లకు పాత ధరే పడుతుంది. గీజరు లేకుండా 155 యూనిట్లు వాడే ఇంటికి 597 రూపాయలు పడితే, 61 కలిసి 216 అయినప్పుడు 963 పడుతుంది. అంటే 366 అదనం. ఇంధన సర్దుబాటు, ఇతర చార్జీలు వేరు.

తెలంగాణలో మెట్లు కాదు, గట్లున్నాయి. నెల వాడకం వంద దాటి 200 లోపు ఉన్నంత కాలం మొదటి వంద యూనిట్లకు 3.40, తర్వాతి వందకు 4.80 చొప్పున లెక్కిస్తారు. 200 యూనిట్లకు 820 రూపాయలు. 201వ యూనిట్ పడగానే ఇల్లు మరో వర్గంలోకి వెళ్లిపోతుంది. అక్కడ మొదటి 200 యూనిట్లకే 5.10 చొప్పున 1,020 రూపాయలు, ఆ ఒక్క యూనిట్‌కు 7.70. మొత్తం 1,027.70. ఆ ఒక్క యూనిట్ ఖరీదు 207 రూపాయల 70 పైసలన్నమాట. వంద దగ్గరా ఇలాంటి గట్టే ఇంకొకటుంది, అక్కడ 252 రూపాయల 50 పైసల బిల్లు ఒక్క యూనిట్‌తో 344 రూపాయల 80 పైసలకు లేస్తుంది.

2024 మార్చి నుంచి అమలవుతున్న గృహజ్యోతి పథకం ఈ గట్టును మరింత ఎత్తు చేసింది. అర్హత ఉన్న కుటుంబానికి 200 యూనిట్ల లోపు జీరో బిల్లు వస్తుంది. దాటితే దాటిన యూనిట్లకే కాదు, మొత్తానికీ కట్టాలి. పైన చెప్పిన 155 యూనిట్ల ఇంటికి గీజరు వేడి కలిసి 216 అయితే సున్నా కాస్తా 1,143 రూపాయలవుతుంది. నెలకు పదహారు యూనిట్లు, అంటే రోజుకు అర యూనిట్, ఒక్క బకెట్ వేడినీళ్ల తేడా. పేద ఇంటికి అది వారం సరుకుల డబ్బు. పథకాన్ని తప్పుబట్టడానికి కాదు ఈ మాట. గీత ఎక్కడ ఉందో తెలిస్తే ఆ డబ్బు పోకుండా ఆపుకోవచ్చు. రీడింగు తీసేవాళ్లు కిందటి నెల ఏ తారీకున వచ్చారో, అప్పటి అంకె ఎంతో బిల్లు మీదే ఉంటుంది. ఇరవయ్యో రోజున మీటరు చూసుకుంటే ఇంకా ఎన్ని యూనిట్లు మిగిలాయో తెలుస్తుంది. 130 దాటి ఉంటే మిగిలిన పది రోజులు జాగ్రత్త పడాలి.

బోరు నీళ్ల ఆవిరి

పల్లెల్లో డిసెంబరు పొద్దున బోరు వేస్తే నీళ్ల మీంచి సన్నగా ఆవిరి లేస్తుంది. బావి నీళ్లు చలికాలం వెచ్చగా, ఎండాకాలం చల్లగా ఉంటాయని పెద్దవాళ్లు చెప్పే మాట అక్షరాలా నిజం. భూమిలో కొన్ని మీటర్ల లోతుకు వెళితే కాలాల తేడా పెద్దగా తెలియదు. అక్కడి నీళ్లు ఆ ప్రాంతపు ఏడాది సగటు ఉష్ణోగ్రత దగ్గరే ఉంటాయి. హైదరాబాదు, కరీంనగర్ లాంటి చోట్ల అది 26 డిగ్రీల అటూఇటూ.

ఇంత వెచ్చటి నీళ్లను ఏం చేస్తున్నాం? రాత్రి పడుకునే ముందు మోటారు వేసి, ట్యాంకు నింపి, ఎనిమిది గంటలు ఆకాశం కింద చల్లార్చి, తెల్లారాక కరెంటు పెట్టి మళ్లీ కాచుకుంటున్నాం. మోటారు వేసే వేళను తెల్లవారుజాముకు మార్చి, రాత్రి ట్యాంకును అడుగుకు రానిస్తే గీజరులోకి వెళ్లే నీళ్లు 18 దగ్గర కాక 26 దగ్గర మొదలవుతాయి. 22 డిగ్రీలు పెంచాల్సిన చోట 14 పెంచితే చాలు. నెలకు 61 యూనిట్లు 39 అవుతాయి. 155 యూనిట్ల ఇల్లు 194 దగ్గర ఆగుతుంది, 200 గట్టు ఇవతలే. గృహజ్యోతి లేని ఇంటికి కూడా 1,143 రూపాయల బిల్లు 791కి దిగుతుంది. దీనికి కొనాల్సింది ఏమీ లేదు. అపార్టుమెంట్లలో వాచ్‌మన్ రాత్రి పదింటికి వేసే మోటారును పొద్దున ఐదున్నరకు వేయమంటే అన్ని ఫ్లాట్లకూ లాభమే. మునిసిపల్ నీళ్లయినా భూమిలోని సంపులో ఉన్నంతసేపు డాబా మీద ఉన్నంతగా చల్లబడవు.

ఎండను వాడుకునే పాత పద్ధతి ఇంకొకటి ఉంది. పసిపిల్లల స్నానానికి గంగాళం నిండా నీళ్లు పోసి వాకిట్లో ఎండకు పెట్టేవారు. గంగాళం మూతి వెడల్పు, లోతు తక్కువ కాబట్టి ఎండ పట్టే జాగా ఎక్కువ. పొద్దున పదింటికి పెడితే రెండు గంటలకల్లా పది డిగ్రీల దాకా వేడెక్కుతాయి. పెద్ద వయసువాళ్ల స్నానం తెల్లవారుజామున కాక మధ్యాహ్నానికి మారిస్తే కరెంటు మిగలడం సరే, బీపీ, గుండె జబ్బు ఉన్నవాళ్లకు ఒక్కసారిగా చలి తగలడం వల్ల వచ్చే ముప్పూ తగ్గుతుంది. బడి నుంచి వచ్చిన పిల్లలు సాయంత్రం నాలుగున్నరకు స్నానం చేసినా ఇదే లాభం. పొద్దున్నే చేయాలన్న నియమం ఉన్నవాళ్ల సంగతి వేరు.

గీజరు, గ్యాసు, కట్టెలు

గీజరు విషయంలో ముందుగా చేయాల్సింది నవంబరులోనే ఒకసారి తెరిపించి చూపించడం. బోరు నీళ్ల కాఠిన్యం వల్ల కాయిల్ చుట్టూ తెల్లటి సున్నపు పెచ్చు కడుతుంది. ఈ పెచ్చు వల్ల బిల్లు రెట్టింపవుతుందని కొందరు మెకానిక్కులు భయపెడతారు, అది నిజం కాదు. కాయిల్లో పుట్టిన వేడికి నీళ్లలోకి తప్ప ఇంకో దారి లేదు. కాకపోతే పెచ్చు లోపల కాయిల్ విపరీతంగా వేడెక్కి సంక్రాంతి రోజుల్లోనే కాలిపోతుంది, ఆ ఖర్చు బిల్లు కంటే ఎక్కువ. ట్యాంకు తుప్పు పట్టకుండా లోపల ఉండే మెగ్నీషియం కడ్డీ అరిగిపోయి ఉంటే అదే రోజు మార్పించాలి.

అసలు దుబారా గీజరును ఆన్‌లో వదిలేయడంలో ఉంది. కాగిన నీళ్లు ట్యాంకు గోడల గుండా చల్లారుతూనే ఉంటాయి, థర్మోస్టాటు మళ్లీ మళ్లీ కాస్తూనే ఉంటుంది. గీజర్ల మీద ఇంధన సామర్థ్య బ్యూరో వేయించే నక్షత్రాలు కొలిచేది ఈ నష్టాన్నే. 15 లీటర్ల నీళ్లు 18 నుంచి 60 డిగ్రీలకు చేరడానికి రెండు కిలోవాట్ల గీజరుకు పట్టేది 22 నిమిషాలు. చన్నీళ్లు కలిపితే ఒకటిన్నర బకెట్ స్నానపు నీళ్లవుతాయి. రాత్రంతా ఆన్‌లో ఉంచాల్సిన అవసరం ఏ ఇంట్లోనూ లేదు. నలుగురూ ఒకరి వెంట ఒకరు స్నానం ముగిస్తే ట్యాంకులో వేడి వృథా కాదు. మూడు లీటర్ల ఇన్‌స్టంట్ గీజరుకు చల్లారే నష్టం దాదాపు లేదు, కానీ మూడు కిలోవాట్లున్నా నిమిషానికి రెండు లీటర్ల ధారనే 22 డిగ్రీలు పెంచగలదు. కుళాయి పూర్తిగా తిప్పితే గోరువెచ్చటి నీళ్లే వస్తాయి. అది షవరు కోసం కాదు, బకెట్ కోసం.

రాడ్డు చవక, నష్టమూ తక్కువ. ప్రాణాల మీదికి తెచ్చేదీ అదే. ప్రతి చలికాలం రాడ్డు షాకుతో చనిపోయినవాళ్ల వార్తలు వస్తాయి, వాళ్లలో చాలామంది నీళ్లు కాగాయో లేదో చేతితో చూడబోయినవాళ్లే. స్విచ్ ఆపడం చాలదు, ప్లగ్గు పీకాకే నీళ్లలో చేయి పెట్టాలి. ఇనుప బకెట్ వాడకూడదు. మూడు పిన్నుల ప్లగ్గు, దానికి నిజంగా పనిచేసే ఎర్తింగు ఉండాలి. లీకయిన కరెంటును పసిగట్టి క్షణంలో ఆపేసే ముప్పై మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఇంటి బోర్డులో ఉంటే ఆ కొద్ది డబ్బు ఒక మనిషిని నిలబెడుతుంది.

గ్యాసు మీద కాచుకుంటే చవకా, కరెంటా అన్నది తరచూ వినిపించే వాదన. జవాబు శ్లాబును బట్టి మారుతుంది. సిలిండరులో 14.2 కిలోల గ్యాసు ఉంటుంది. మూడింట ఒక వంతు వేడి గిన్నె పక్కల నుంచి గాలిలో కలిసిపోయాక, నీళ్లకు చేరేది సుమారు 117 యూనిట్ల కరెంటుతో సమానం. సిలిండరు 900 రూపాయలైతే యూనిట్‌కు 7.70 పడుతుంది. తెలంగాణలో 201 నుంచి 300 యూనిట్ల ధరా సరిగ్గా అదే. అంటే 200 లోపు నిలబడగలిగే ఇంటికి కరెంటే చవక, 300 దాటేవాళ్లకు గ్యాసు చవక. గీత మీద ఊగుతున్న ఇంటికి మాత్రం ఆఖరి పది రోజులు గ్యాసు పొయ్యి మీద మూత పెట్టి నీళ్లు కాచుకోవడం మంచి ఎత్తు. తెలంగాణ మహాలక్ష్మి పథకం కింద 500కు సిలిండరు అందే కుటుంబాలకు అది ఇంకా నయం.

పల్లెల్లో కట్టెల పొయ్యి ఇంకా పోలేదు, పోవాల్సిన పనీ లేదు. డిసెంబరు, జనవరి నాటికి పత్తికట్టె, కందికట్టె చేలల్లోనే ఉంటాయి, చాలాచోట్ల అక్కడే తగలబెట్టేస్తారు. మూడు రాళ్ల పొయ్యి మీద కిలో కట్టెతో ఒక బకెట్ కాగడమే ఎక్కువ, ఎందుకంటే పదో వంతు వేడే నీళ్లకు చేరుతుంది. నడుమ పొగగొట్టం ఉన్న రాగి బాయిలరులో మంట చుట్టూ నీళ్లే ఉంటాయి కాబట్టి అదే కట్టెకు చాలా ఎక్కువ నీళ్లు కాగుతాయి. పాత రాగి బాయిలరును తూకానికి అమ్మేసిన ఇళ్లు ఎన్నో. అది నిజంగా నష్టమే. పొయ్యి ఇంటి లోపల కాక పెరట్లో ఉండాలన్నది ఒక్కటే షరతు.

సోలార్ వాటర్ హీటరు గురించి ఒక మాట. వంద లీటర్ల హీటరు ఏడాదికి 1,500 యూనిట్లు మిగులుస్తుందని చెబుతుంటారు. ఏడాది పొడుగునా వేడినీళ్లు వాడేవాళ్లకు అది సాధ్యమే. మన మైదానాల్లో వేడినీళ్ల అవసరం నవంబరు నుంచి ఫిబ్రవరి దాకానే. నెలకు 61 చొప్పున నాలుగు నెలలకు 244 యూనిట్లు, 7.70 లెక్కన కూడా ఏడాదికి 1,900 రూపాయలు దాటదు. పెట్టుబడి తిరిగి రావడానికి పదేళ్లు పైనే పడుతుంది, ఈలోగా బోరు నీళ్ల సున్నం గొట్టాల్లో పేరుకుంటుంది. పసిపిల్లలు, బాలింతలు, మంచాన ఉన్న పెద్దవాళ్లు ఉన్న ఇంటికి, హాస్టళ్లకు అది తగినదే. మామూలు ఇంటికి ఆ డాబా జాగాను సోలార్ కరెంటు పలకలకు ఇవ్వడం మేలు. 2024లో మొదలైన పీఎం సూర్యఘర్ కింద మూడు కిలోవాట్లకు 78 వేల రూపాయల సబ్సిడీ ఉంది, ఒక్కో కిలోవాటు రోజుకు నాలుగు యూనిట్ల దాకా ఇస్తుంది. అది చలికాలం గీజరుకే కాదు, మే నెల ఏసీకీ పనికొస్తుంది.

ఫ్రిజ్ సంగతి చాలామంది మరచిపోతారు. వేసవిలో ఐదు మీద పెట్టిన డయలు డిసెంబరులో రెండు మీదికి తెస్తే కూరగాయలకేమీ కాదు.

నిజంగా చలి ఉన్నచోట

ఆదిలాబాదు, ఆసిఫాబాదు పల్లెల్లో, చింతపల్లి, లంబసింగి, అరకు వైపు కథ వేరు. లంబసింగిని కొర్రబయలు అని కూడా అంటారు, బయట ఉంటే కొయ్యలా బిగుసుకుపోతారని ఆ పేరు చెబుతుంది. రాత్రి ఉష్ణోగ్రత ఒక్క అంకెకు పడిపోయే ఈ ఊళ్లలో గదినీ పట్టించుకోవాలి. మబ్బులేని ఆకాశం రాత్రంతా కప్పు వేడిని లాగేస్తుంది. రేకుల ఇల్లు అందరికంటే ముందు చల్లబడుతుంది. రేకుల కింద జానెడు ఖాళీ వదిలి టార్పాలినో, గోనెపట్టాలో బిగుతుగా కడితే ఆ ఖాళీలోని గాలే అడ్డుగోడ అవుతుంది. చలికాలం సూర్యుడు దక్షిణానికి వంగి నడుస్తాడు కాబట్టి దక్షిణపు కిటికీలు పదకొండు నుంచి మూడు దాకా బార్లా తెరవాలి. నాలుగున్నరకల్లా, చలి దిగకముందే, అన్నీ మూసేయాలి. తలుపు కింది సందులో పాత చీర చుట్ట పెడితే రాత్రి గాలి ఆగుతుంది.

రెండు కిలోవాట్ల గది హీటరు రోజుకు మూడు గంటలు నడిస్తే నెలకు 180 యూనిట్లు. 155 యూనిట్ల తెలంగాణ ఇంటి బిల్లు 604 నుంచి 2,105కు ఎగబాకుతుంది. ఆ ఒక్క నెల తేడాతో మంచి రగ్గు కొనుక్కోవచ్చు. నిద్రపోతున్న మనిషి ఒంటి నుంచే 70, 80 వాట్ల వేడి వస్తుంది, పరుపూ కప్పూ దాన్ని పట్టి ఉంచితే చాలు. పాత చీరలు పొరలుగా కుట్టిన బొంత చేసేది అదే, పొరల మధ్య గాలిని బంధించడం. దక్కనీ గొర్రెల ఉన్నితో కురుమలు నేసే గొంగడి గరుకుగా ఉంటుంది, కానీ మంచులో తడిసినా వెచ్చదనం పూర్తిగా పోదు. చలి కింద నుంచి ఎక్కువ ఎక్కుతుంది కాబట్టి ఒక బొంత పైన కప్పుకుంటే ఇంకొకటి కింద పరచాలి.

చలికి తట్టుకోలేక రాత్రి గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకుని తలుపులు మూసి పడుకునే అలవాటు ఈ ప్రాంతాల్లో ఉంది. నగరాల్లో కిటికీ లేని బాత్రూముల్లో బిగించే గ్యాసు గీజర్లదీ అదే ప్రమాదం. గాలి చాలక నిప్పు సరిగా మండనప్పుడు కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు, పొగలా కళ్లు మండించదు. రక్తంలో ప్రాణవాయువు చోటును ఆక్రమిస్తుంది, మనిషి నిద్రలోంచే లేవలేకపోతాడు. కుంపటి వాకిట్లోనే ఉండాలి, పడుకునే గదిలోకి నిప్పు రాకూడదు. గ్యాసు గీజరు బాత్రూము బయట గోడకు ఉండాలి, స్నానం చేస్తున్నంతసేపూ వెంటిలేటరు తెరిచే ఉండాలి. తలనొప్పి, వికారం, మగత మొదలైతే ముందు తలుపులు తీసి మనిషిని బయటి గాలిలోకి తేవాలి, నిప్పు ఆర్పడం ఆ తర్వాత.